బంగళాకు తలంటు పోసిన పైడమ్మ

వానలు వెనకబట్టాయి. మొన్న పొద్దున్న వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు విప్పానో లేదో, ముక్కుకు ఒక వాసన తగిలింది. తడిసిన పాత కర్ర వాసన, దాని మీద బ్లీచింగ్ పౌడరు వాసన. రెండూ కలిస్తే ఆస్పత్రీ అడవీ ఒకే గదిలో కాపురం పెట్టినట్టుంటుంది. తలెత్తి చూస్తే ఎదురింటివాళ్ళు గేటుకు రంగు వేయిస్తున్నారు. పాతకాలపు కర్ర గేటు, కింది సగం పాచి పట్టి పచ్చగా ఉంది. పెయింటరు పైపైన నాలుగు బ్లీచింగ్ నీళ్ళు కొట్టి, గుడ్డతో ఒక తుడుపు తుడిచి, అప్పుడే రంగు డబ్బా మూత తీస్తున్నాడు. నా ప్రాణం ఒప్పలేదు. పంచె సర్దుకుని రోడ్డు దాటి వెళ్ళి, ఆ గేటుకు నా కుడి బుగ్గ ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఎనభైకి చేరువైన మనిషి ఎదురింటి గేటును అలా వాటేసుకుంటే ఎవరికైనా కంగారే కదా! పెయింటరు రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఆవిడ అరుగు మీంచి, "ఏమీ అనుకోకు నాయనా, ఆయనకది ఎప్పణ్ణించో ఉంది" అని కేకేసింది. "ఇంకా తడి ఉంది బాబూ, మూడు రోజులాగు" అన్నాను నేను. అతను నా వంక ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ ఒకావిడ వంక సరిగ్గా అలాగే చూశాను. ఆవిడ పేరు పైడమ్మ.

అవి అరవైల చివరి సంవత్సరాలు. నాకు ఇరవై మూడేళ్ళు. డిప్లొమా చేతికొచ్చి ఏడాది తిరక్కుండానే సర్కారు కొలువులో సూపర్వైజరుగా చేరాను. మా వంశంలో సర్కారు ఉద్యోగం చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి మా నాన్న విజయనగరంలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చెప్పుకొచ్చాడు. పాలవాడికి రెండుసార్లు చెప్పాడట. ఆయన ఎవరికీ చెప్పనిది ఒకటే, ఆ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని. సరిగ్గా ఆ సమయంలో ఆఫీసు నుంచి నాకొక కాగితం వచ్చింది. భావనపాడు దగ్గర సముద్రానికి కూతవేటు దూరంలో మా శాఖకు పాత బంగళా ఒకటుంది. ఇరవై రోజుల్లో పెద్ద ఇంజనీరుగారు అక్కడ మకాం చేస్తారు, ఈలోగా బంగళాకు రంగులు వేయించి సిద్ధం చెయ్యాలి, నీ ప్రొబేషన్ సంగతి ఆయన అక్కడే తేలుస్తారు. ఇదీ ఆ కాగితంలో సారాంశం. చదువుకుని నేను నవ్వుకున్నాను కూడా. ఇరవై రోజులా! నాలుగు రోజుల పని అనుకున్నాను.

వెళ్ళి చూద్దును కదా, బంగళా దొరల కాలంనాటిది. చుట్టూ కర్ర వరండా, కర్ర స్తంభాలు, కర్ర చట్రాల మధ్య అడ్డపట్టీల కిటికీలు. ఉత్తరం వైపున జీడిమామిడి చెట్లు వరండా మీదకు ఒరిగిపోయి, ఎండ పొడ పడనివ్వడం లేదు. ఆ వైపు కర్రంతా పచ్చటి పాచి. కొన్నిచోట్ల చెయ్యి వేస్తే మెత్తగా, పిల్లి వీపు నిమిరినట్టే ఉంది. దానికి తోడు ఆఫీసువాళ్ళు పంపిన రంగు కూడా పచ్చ రంగే. కాపలా కాస్తూ వంట కూడా చేసిపెట్టే సింహాచలం ఆ డబ్బాలు చూసి, "పచ్చ మీద పచ్చ ఎందుకు బాబూ? ఇలగ ఉంచీసి, రంగేసీసినావని రాసీ" అన్నాడు. నవ్వులాటకి అనలేదు. చాలా శ్రద్ధగా అన్నాడు. నేను అతన్ని కసిరి, మంచి పెయింటర్ని తీసుకురమ్మన్నాను.

మర్నాడు పొద్దున్నే ఒకావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, పిక్కల పైకి బిగించి కట్టిన చీర, చంకలో తాటాకు బుట్ట. నోట్లో అడ్డపొగ. మా వైపువాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: మా పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట ముట్టించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పొగ పీలుస్తారు. పైడమ్మ మాట్లాడేటప్పుడు కూడా దాన్ని తీసేది కాదు. ప్రతి మాటకూ ఇంత పొగ వచ్చేది.

"పెయింటరు ఏడీ?" అన్నాను సింహాచలంతో.

"ఈవిడే బాబూ."

"సున్నం కొట్టే కూలీ కాదయ్యా. రంగులేసే పెయింటరు కావాలి నాకు."

"సున్నవూ కొడతాను, రంగూ ఏత్తాను" అంది పైడమ్మ నాకేసి చూడకుండానే. "మా మావ పడవలకీ గుడి తలుపులకీ రంగులేసీవోడు. ఇరవయ్యేళ్ళు ఆడికి నానే కలిపి ఇచ్చినాను. ఆడు పోయినాక కుంచి నా సేతికొచ్చినాది." తరవాత తెలిసింది, మావ అంటే ఆవిడ మొగుడేనని. మాట్లాడుతూనే వరండా కమ్మీ దగ్గరకు వెళ్ళి, బొటనవేలి గోటితో గీరి, ఆ గోరు వాసన చూసి, "ఇది బతికున్నాది బాబూ" అంది.

"ఏమిటి బతికున్నది?"

"పాచి. దీని పేణం పోకండా రంగేత్తే, నెల్లాళ్ళకి రంగుని తోసీసి బయిటికొచ్చీసి నిన్ను సూసి నవ్వుతాది."

నాకు ఒళ్ళు మండింది. డిప్లొమా చదివిన నాకు పాచి గురించి పాఠం చెబుతుందా! "మూడు పూతలు వేస్తే కింద ఊపిరాడక అదే చస్తుంది" అన్నాను. పైడమ్మ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "నీకు జొరమొస్తే మీ యమ్మ మూడు దుప్పట్లు కప్పీసి ఊరుకునీదా, మందేసీదా?" అని అడిగింది. సింహాచలం అటు తిరిగి దగ్గినట్టు నటించాడు. వేరే పెయింటరు కోసం వెతికే వ్యవధి నాకు లేదు, అందుకే సరేనన్నాను. అప్పుడు మాత్రం నేనే ఆవిడ మీద దయ తలిచాననుకున్నాను.

పని మొదలైంది. ముందు నీళ్ళు తగలనివ్వలేదు. పొడిగా ఉండగానే చెక్క బద్దతో మందపాటి పాచిని గోకి, కింద గోనెపట్టా పరిచి, రాలినదంతా దూరంగా పారబోయించింది. అక్కడే వదిలేస్తే గాలికి మళ్ళీ కర్రెక్కుతుందట. తరవాత ఊరి నూతుల్లో చల్లడానికి వచ్చిన బ్లీచింగ్ పౌడరు కొంత సింహాచలం చేత తెప్పించి, మట్టికుండలో నీళ్ళు పోసి కలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొద్దుటి పూట ఎండ ముదరకముందే కర్రకు పూసింది. ఎండలో పూస్తే పనిచెయ్యకముందే ఆరిపోతుందంది. పూసి, ఒక చుట్ట కాలేంతసేపు నాననిచ్చి, అప్పుడు కొబ్బరి పీచుతో కర్ర మీది చారలు ఎటుంటే అటే రుద్దేది. సింహాచలం అడ్డంగా రుద్దితే, "ఈడ్సీకురా, నిమురు! దానికి నొప్పెడతాది" అని అరిచేది. కర్రతో ఇంత ముద్దుగా మాట్లాడే మనిషి పాచిని మాత్రం నానా తిట్లూ తిట్టేది. "ఓసి నీ దుంప తెగా! ఎన్నాళ్ళు తిన్నావే ఈ బంగళాని, కదల్లేకండా బలిసిపోనావు! లెగు, లెగు!" అని ఆవిడ పట్టీలను రుద్దుతూ ఉంటే దారిన పోయేవాళ్ళు లోపల అత్తాకోడళ్ళు కొట్టుకుంటున్నారేమోనని తొంగి చూసేవారు.

ఈ చుట్ట లెక్క నాకు నచ్చలేదు. నేను గడియారం పెట్టి చూశాను. మొదటి చుట్ట పావుగంట కాలింది, రెండోది దాదాపు అరగంట. "ఇదేం కొలతమ్మా? ఒకసారి పావుగంట, ఒకసారి అరగంటా?" అని నిలదీశాను. "ఇక్కడ పాచి పలస, అక్కడ మందం. మందమున్న కాడ నాను మెల్లిగా పీలస్తాను" అంది. నేను గడియారం జేబులో పెట్టేసుకున్నాను. ఇంకో రోజు టర్పెంటైన్ డబ్బా పక్కన కూర్చుని ఆవిడ చుట్ట కాలుస్తూ కనిపించింది. "నిప్పు! నిప్పుతో దాని దగ్గరా!" అని గావుకేక పెట్టాను. పైడమ్మ ఏమాత్రం తొణక్కుండా, "నిప్పు నా నోట్లో ఉన్నాది బాబూ, బయిట నేదు గదా" అంది. నేను ఆ డబ్బా ఎత్తుకుని నూతి దాకా పరుగెత్తాను.

మూడు రోజుల్లో పాచి పోయింది. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగింది. పక్కనే సముద్రం ఉంది కదా, ఆ నీళ్ళు వాడొచ్చు కదా అంటే, ఉప్పు కర్రలో ఉండిపోతే ఎప్పటికీ తడి లాగుతుందని కావిళ్ళతో నూతి నీళ్ళే మోయించింది. కర్ర బూడిద రంగులో శుభ్రంగా బయటపడింది. నేను ఉత్సాహంగా రంగు డబ్బా మూత తీయబోయాను. పైడమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. నిజం చెప్పొద్దూ, గట్టిగానే వేసింది. "ఇప్పుడేగా తానం సేసినాది. ఆరనీ" అంది. ఎన్నాళ్ళని అడిగితే, "దానికి తెలుసు" అంది.

ఆ తరవాత పైడమ్మ చేసిన పని ఏమిటంటే, ఏమీ లేదు. రోజూ పొద్దున్నే వచ్చేది. కర్రకు బుగ్గ ఆనించి కళ్ళు మూసుకునేది. "సల్లగున్నాది, ఇంకా లోపల నీరున్నాది" అనేది. వెళ్ళి మెట్ల మీద కూర్చుని చుట్ట ముట్టించేది. నాకు ఒక్కొక్క రోజూ ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజున వాన పడింది. పైడమ్మ వానను కూడా తిట్టి, మళ్ళీ మొదటి రోజు నుంచి బుగ్గ ఆనించడం మొదలుపెట్టింది. ఈలోగా, "ఎండబెట్టడం ఒక్కటే కాదు బాబూ, ఆ జీడి కొమ్మలు కొట్టించీ, ఆ సూరు నీళ్ళు కర్ర మీద పడకండా మల్లించీ. నీడా నీరూ ఉన్నన్నాళ్ళు పాచి మళ్ళీ వస్తాది" అని నాకు నాలుగుసార్లు చెప్పింది. కొమ్మలు కొట్టడం ఇంజనీరింగా? నేను చెవిన పెట్టలేదు.

నేను వచ్చిన పదమూడో రోజున పైడమ్మ బుగ్గ తీసి, "ఇంకో రెండెండలు తాగితే సాలు. ఈలోగా మా ఊరి అమ్మోరి పండక్కెల్లి వత్తాను. వచ్చీసి రంగు మొదలెట్టీస్తాను, ఐదు రోజుల్లో ఐపోద్ది" అంది. లెక్క సరిపోయింది. వెళ్ళేముందు వెనక్కి తిరిగి, "బాబూ, నీ సేతులకి పని నేకపోతే జేబులో ఎట్టుకో. కర్రని మాత్రం ముట్టుకోకు" అని చెప్పి మరీ వెళ్ళింది.

ఆ రోజే ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. పాచి మళ్ళీ పట్టకుండా ఏ శాశ్వతమైన చర్య తీసుకున్నారని పెద్ద ఇంజనీరుగారు అడుగుతారు, సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి అని. శాశ్వతమైన చర్య! కొమ్మలు కొట్టించామంటే నవ్వుతారనుకున్నాను. ఆలోచిస్తూ సాయంత్రం ఒడ్డుకు నడిచాను. సింహాచలం కూడా వచ్చాడు. అక్కడ ఇద్దరు ముసలాళ్ళు పడవను బోర్లించి, నల్లటి నూనె ఏదో గుడ్డతో పులుముతున్నారు. సొర చేప కాలేయం నుంచి తీసిన నూనె. "సూడు బాబూ, ఆ పడవ ఏడాదంతా నీళ్ళల్లోనే ఉంటాది. దానికి పాచి పడతాదేటి?" అన్నాడు సింహాచలం. నా బుర్రలో దీపం వెలిగింది. నూనెకూ నీటికీ పడదు, నీరు లేనిదే పాచి లేదు, కనుక నూనె. ఎంత శాస్త్రీయం! ఇన్నాళ్ళూ ఈ పైడమ్మకు ఇది తట్టలేదేం, పడవలకు రంగులేసినవాడి పెళ్ళామై ఉండి! మర్నాడు పొద్దున్నే రెండు పెద్ద డబ్బాల సొర నూనె తెప్పించాను. నేనూ సింహాచలం చొక్కాలు విప్పి, స్తంభాలకూ కమ్మీలకూ కిటికీలకూ, ఆఖరికి లోపలి గది గుమ్మానికి కూడా మర్దనా చేశాం. కర్ర నిగనిగలాడింది. ఫొటో తీయిస్తే బాగుండుననుకున్నాను.

పది గంటలకు ఎండెక్కింది. దాంతో పాటు వాసన కూడా ఎక్కింది. పదకొండుకు మొదటి పిల్లి వచ్చింది. పన్నెండుకు పదకొండు పిల్లులయ్యాయి. కొన్ని కమ్మీ మీద వరసగా కూర్చుని నాకుతున్నాయి, కొన్ని స్తంభాలను కావలించుకుని నిలబడ్డాయి. కుక్కలు కింది భాగం పంచుకున్నాయి. చూరు మీద కాకులు సభ పెట్టాయి. ఈగల సంగతి చెప్పను. మధ్యాహ్నం ఇద్దరు చేపల బుట్టల ఆడవాళ్ళు గేటు తోసుకుని వచ్చి, "ఓలమ్మో, బంగళాలో సేపల యాపారం ఎవులెట్టినారు? మాకు సెప్పకండా!" అని దెబ్బలాటకు దిగారు. నేను వాళ్ళకు శాస్త్రం వివరించబోయాను. విని, పొట్టలు పట్టుకుని నవ్వుతూ పోయారు. సింహాచలం చేతిలో కర్ర పట్టుకుని పిల్లుల్ని అదిలిస్తూ, "బాబూ, భావనపాడు పిల్లులన్నీ మన కాడ ఉజ్జోగంలో సేరిపోనాయి" అన్నాడు. వాటికైనా పర్మనెంటు అయ్యేట్టుంది అనుకున్నాను. పోనీ రంగైనా వేసేస్తే వాసన అణుగుతుందేమోనని ఒక కమ్మీకి రంగు పూశాను. రంగు ఆ నూనె మీద నిలవకుండా జారి, నా కాళ్ళ మీద పడింది.

రెండు రోజులకు పైడమ్మ వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. చుట్ట నోట్లోంచి తీసింది. కాలుతున్న చుట్టను ఆవిడ నోట్లోంచి తియ్యడం నేను చూడ్డం అదే మొదలు. బంగళాను చూసింది, పిల్లుల్ని చూసింది, నన్ను చూసింది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ మెట్ల మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే మరి, నూనంటీసినావు గదా. తలంటు సగంలో ఆపకూడదు. కుంకుడుకాయలు తే" అంది.

అలా ఆ బంగళాకు తలంటు పోశాం. చాకలివాళ్ళు బట్టలు నానబెట్టే చౌడు మట్టి తెచ్చి ముద్దగా చేసి కర్రకు పట్టించడం, అది నూనె పీల్చుకున్నాక గోకెయ్యడం, కుంకుడు రసంతో రుద్దడం, మళ్ళీ నూతి నీళ్ళతో కడగడం. రెండు రోజులు పట్టింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. వాసన చాలా మటుకు పోయింది. కాని కర్ర మళ్ళీ తడిసి ముద్దయింది, పెద్ద ఇంజనీరుగారు మూడు రోజుల్లో వస్తారు. రంగు వెయ్యమని పైడమ్మను బతిమాలాను. కసిరాను. "నా ఉద్యోగం పోతుంది పైడమ్మా!" అని దాదాపు ఏడ్చాను. ఆవిడ కర్రకు బుగ్గ ఆనించి తీసి, కుంచె నా చేతికిచ్చింది. "నీరున్న కర్రకి నానెయ్యను. నువ్వెయ్యి బాబూ, నానొద్దన్ను" అంది. పౌరుషం కొద్దీ ముందు గది తలుపుకు నేనే వేశాను. చక్కగా, పచ్చగా, అద్దంలా వచ్చింది. చూశావా అన్నట్టు ఆవిడ వంక చూశాను. మూడో రోజు మధ్యాహ్నం ఎండకు ఆ తలుపంతా అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచింది. వేలు పెడితే ప్రతి పొక్కులోంచీ నీళ్ళు.

ఆ సాయంత్రమే పెద్ద ఇంజనీరుగారి జీపు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. వరండా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. రంగు లేని బోడి కర్ర, పొక్కులెత్తిన తలుపు, ఇంకా ఆశ చావక కమ్మీ మీద కూర్చున్న నాలుగు పిల్లులు. పైడమ్మ ఒక మూల తన బుట్టతో నిలబడి ఉంది.

"ఇరవై రోజులిచ్చాం. రంగు ఏదీ?" అన్నారు.

వీధంతా తిరిగి చెప్పుకున్న మా నాన్న ముఖం కళ్ళ ముందు కనబడింది. "ఈ మనిషి... ఎండలేదు, ఎండలేదని ఆపేసింది సార్" అన్నాను, పైడమ్మ వైపు చెయ్యి చూపించి. ఆ చెయ్యి ఈ చెయ్యే. ఇప్పుడు ఈ కాగితం మీద రాస్తున్నది.

ఆయన ఆవిడ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నారు.

"అవును బాబూ, నానే ఆపీసినాను" అంది పైడమ్మ.

ఆయన ముక్కు ఎగబీల్చారు. కిటికీ పట్టీ మీద వేలు రాసి వాసన చూశారు. "ఇది చేప నూనె కదూ? ఇదెవరు పూయించారు?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. సింహాచలం నేలచూపులు చూస్తున్నాడు. నాలుగు పిల్లులూ నావైపే చూస్తున్నాయి, అలాగని నాకనిపించింది. అప్పుడు పైడమ్మ, "అదీ నానే" అంది.

నేను ఉలిక్కిపడి చూశాను. ఆవిడ ముఖంలో ఏమీ లేదు. పెద్ద ఇంజనీరుగారు నాతో, "రేపట్నుంచి ఈమెను పనిలోకి రానివ్వకు. మన శాఖ పనులు వేటికీ పిలవడానికి వీల్లేదు" అన్నారు. నేను చెయ్యాల్సిందల్లా "యస్సార్" అనడమే. ఆ ఒక్క మాట అంటే నా ఉద్యోగం నిలిచినట్టే. పైడమ్మ వంగి తన కుంచెలు ఒక్కొక్కటే బుట్టలో పెట్టుకుంటోంది. కొస నలగకుండా, గుడ్డలో చుట్టి, మెల్లిగా పెట్టుకుంటోంది. ఇరవై రోజులు నేను తొందరపెట్టినా ఒక్కసారీ తొందరపడని మనిషి, ఇప్పుడూ తొందరపడలేదు. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నా జన్మలో మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

"సార్" అన్నాను. గొంతు పిల్లికూతలా వచ్చింది. "ఆ నూనె నేను పూయించాను సార్. ఆవిడ పండక్కెళ్ళింది. ముట్టుకోవద్దని చెప్పే వెళ్ళింది. ఈ తలుపుకు రంగు కూడా నేనే వేశాను. ఆవిడ చెప్పినట్టు వింటే ఈపాటికి రంగు అయిపోయి ఉండేది." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. కొమ్మలు, చూరు నీళ్ళు, చుట్ట లెక్క, అన్నీ చెప్పేశాను. అడగని పిల్లుల సంఖ్య కూడా చెప్పాను.

ఆయన తలుపు మీది ఒక పొక్కును వేలితో నొక్కి, కారిన నీళ్ళు చూశారు. తరవాత పైడమ్మతో, "రంగు ఎప్పుడు వేస్తావు?" అన్నారు. "ఎండినప్పుడు" అంది. ఆయన లోపలికి వెళ్ళి, తనిఖీ పుస్తకం తెప్పించుకుని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశారు. సూపర్వైజరు ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించడమైనది. కొమ్మలు కొట్టించి, చూరు నీళ్ళు మళ్ళించి, రంగు పూర్తయ్యేదాకా అతను ఇక్కడే ఉండవలెను. రంగుల పనిలో పైడమ్మ చెప్పినట్టు నడుచుకొనవలెను. పిల్లుల విషయమై తగిన చర్య తీసుకొనవలెను.

ఆయన జీపు వెళ్ళిపోయాక నేను మెట్ల మీద పైడమ్మ పక్కన కూర్చున్నాను. "నూనె సంగతి నీ మీద ఎందుకేసుకున్నావు?" అని అడిగాను.

"నీకు ఉజ్జోగం పోతే నీ సేతిలో ఏటుంటాది బాబూ? నాకేటి పోతాది? ఈళ్ళు పిలవకపోతే పడవలోళ్ళు పిలుస్తారు. నా కుంచి నా సేతిలోనే ఉంటాది గదా" అంది. అలా అని, చుట్ట ముట్టించి, నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఒరే, రేపు బేగి రా. కొమ్మలెక్కాల." అంతవరకూ నేను బాబును. ఆ రోజు నుంచి ఒరేనయ్యాను. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా పెద్ద ప్రమోషన్ నాకు రాలేదని మా ఆవిడతో అంటూ ఉంటాను. ఆవిడ ఒప్పుకోదు గానీ నాకు తెలుసు.

ఆ పని చివరికి నెలన్నర పట్టింది. జీడిచెట్లెక్కి కొమ్మలు కొట్టింది నేనే, నా వంటి మీద పడ్డ జీడి సొన మచ్చలు చాన్నాళ్ళున్నాయి. చూరుకు రేకు తొట్టి కట్టించాం. ఎండలు బాగా తిన్నాక, పైడమ్మ తన బుగ్గతో పాటు నా బుగ్గ కూడా ఆనించమని, "ఏటంటాది?" అని అడిగేది. "చల్లగా ఉంది" అంటే, "మరింకేటి, కూకో" అనేది. ఒక పొద్దున్న నా బుగ్గకు కర్ర వెచ్చగా, పొడిగా తగిలింది. ఆవిడ కూడా ఆనించి చూసి, డబ్బా మూత తీయమంది. గరుకు కాగితం పట్టడం, అడుగు పూత, ఆ పైన రెండు పూతలు. పట్టీ పట్టీకి ఎన్నిసార్లు కుంచె తిప్పాలో నా చేయి పట్టుకుని నేర్పింది. ఏడాదిన్నర తరవాత ఏదో పని మీద అటు వెళ్ళి చూశాను. రెండు వర్షాకాలాలు గడిచినా ఉత్తరం వైపు ఒక్క పచ్చ మచ్చ లేదు, రంగు పచ్చ తప్ప. ఆ తరవాత నాకు దూరం బదిలీ అయింది. పైడమ్మను మళ్ళీ చూడలేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఇంత రాస్తున్నవాణ్ణి ఆవిడ బతికుండగా ఒక్క ఉత్తరమైనా రాసి పంపలేదే అని ఇప్పుడు బాధపడితే ఏం లాభం?

తరవాత ముప్పై ఏళ్ళకు పైగా కొలువు చేశాను. తప్పులు జరిగాయి, నావీ, నా కింద పనిచేసేవాళ్ళవీ. పెద్దలు గదిలో చుట్టూ కూర్చుని, "దీనికి బాధ్యులెవరు?" అని అడిగిన ప్రతిసారీ నా కుడి చెయ్యి లేచి ఎవరి వైపో చూపించబోయేది. దాని అలవాటు దానిది, మొదటిసారి అలాగే లేచింది కదా. దాన్ని కిందికి దించి మాట్లాడ్డానికి నాకు ప్రతిసారీ కష్టంగానే ఉండేది. ఒకసారి అలా మాట్లాడినందుకు రావలసిన పెద్ద కుర్చీ రాకుండా పోయింది, మా ఆవిడ నెల్లాళ్ళు నాతో ముభావంగా ఉంది. నేను పట్టణంలో పుట్టినవాణ్ణి. చదువుకున్నవాణ్ణి. మీటింగుల్లో ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడేవాణ్ణి. అయినా ఆ ఒక్క మాట మాత్రం నాకు ఇంగ్లీషులో రాదు, పుస్తకాల తెలుగులోనూ రాదు. అందరూ నావైపు తిరిగి చూసేటట్టు, పైడమ్మ అన్నట్టే వస్తుంది.

"నానే."